విండోస్ 11 వచ్చాక పాత ప్రోగ్రాములు: పేజ్‌మేకర్, ఫాక్స్‌ప్రో, డాస్ బిల్లింగ్... మీ దగ్గర ఎలా నడుస్తున్నాయి?

అచ్చుపని (విజయనగరం):
అందరికీ నమస్కారం. గంటస్తంభం దగ్గర మాది చిన్న ప్రింటింగ్, డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, సిరిమానోత్సవం రోజుల్లో వాల్‌పోస్టర్లు, ఇవే మా పని. ఇన్నాళ్లూ విండోస్ 7, 32 బిట్ సిస్టమ్ మీదే నెట్టుకొచ్చాం. దాని మదర్‌బోర్డు పోయింది. కొత్తది కొంటే విండోస్ 11తో వచ్చింది, అక్కడి నుంచి మొదలైంది టెన్షన్.

మా బిల్లింగ్ ప్రోగ్రాము విండోస్‌కు ముందునాటి డాస్‌లో రాసింది. క్లిక్ చేస్తే 'ఈ యాప్ మీ పీసీలో నడవదు' అంటోంది. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఎక్స్‌పీ అని పెట్టినా అంతే. పేజీలు అమర్చే పేజ్‌మేకర్ 7 మాత్రం ఎక్కింది, తెలుగు టైపుకు వాడే అను ఫాంట్లూ ఎక్కాయి. కానీ ఒకసారి పెట్టిన సెట్టింగులు ఇంకోసారి తెరిస్తే ఉండటం లేదు. ఇక పాత స్కానర్‌నైతే అసలు గుర్తించడమే లేదు.

దయచేసి 'అన్నీ మార్చేయండి' అనే సలహా ఒక్కటీ ఇవ్వకండి. అన్నగారి పెళ్లికి వేసిన కార్డునే తమ్ముడి పెళ్లికి పేర్లు మార్చి వేయమనే కుటుంబాలు మాకు చాలా ఉన్నాయి. గుళ్ల దాతల జాబితాలు ఏటా నాలుగు పేర్లు కలిపి మళ్లీ వేస్తాం. ఇవన్నీ పేజ్‌మేకర్ ఫైళ్లే. అవి తెరుచుకోకపోతే మా షాపులో సరుకు లేనట్టే.

సర్వీసు మాస్టారు (శ్రీకాకుళం):
మీరు చెప్పిన మూడింటికీ కారణాలు వేరువేరండి. విడదీసి చూస్తేనే దారి దొరుకుతుంది.

బిల్లింగ్‌ది 16 బిట్ ప్రోగ్రాము, అంటే డాస్ కాలపు పాత ప్రాసెసర్ల తీరులో రాసినది. 32 బిట్ విండోస్‌లో ఎన్‌టీవీడీఎం అనే భాగం ఉండేది. డాస్ ప్రోగ్రాముకు తన కోసమే ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు అది ఏర్పాటు చేసేది. అందుకోసం ప్రాసెసర్‌లో ఉన్న వర్చువల్ 8086 మోడ్‌ను వాడుకునేది. ఆ మోడ్ 386 చిప్ రోజుల నుంచీ ఉంది. కానీ ప్రాసెసర్ 64 బిట్ మోడ్‌లోకి వెళ్లాక అది పనిచేయదు. చిప్‌ను అలాగే రూపొందించారు. అందుకే 64 బిట్ విండోస్‌లో ఎన్‌టీవీడీఎం పెట్టలేదు. విండోస్ 10 దాకా 32 బిట్ రకం దొరికేది, విండోస్ 11లో అదీ లేదు. కంపాటిబిలిటీ ట్యాబ్ చేసే పని వేరు. 'నువ్వున్నది ఎక్స్‌పీలోనే' అని ప్రోగ్రాముకు చెబుతుంది, పాత విండోస్ పద్ధతులు కొన్నిటిని అనుకరిస్తుంది. లేని మోడ్‌ను తెచ్చిపెట్టలేదు.

పేజ్‌మేకర్ 7 మాత్రం 32 బిట్‌ది. 64 బిట్ విండోస్‌లో అలాంటివాటిని నడపడానికి వావ్64 అనే పొర ఉంది, బాగానే పనిచేస్తుంది. మీ సెట్టింగుల సంగతికి ఒక మాట చెప్పండి. కొన్నిసార్లు మామూలుగానూ, కొన్నిసార్లు రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గానూ తెరుస్తున్నారా? అవునంటే కారణం అదే. ఆ ప్రోగ్రాము తన సెట్టింగులను తన ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. విస్టా నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు యూజర్ రాయడానికి అనుమతి లేదు. అలాగని పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని, విండోస్ ఆ రాతను ఎవరికీ కనపడకుండా యూజర్ ఫోల్డర్ లోపలి వర్చువల్‌స్టోర్‌కు మళ్లిస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిస్తే అసలు ఫోల్డర్ చదువుతుంది, మామూలుగా తెరిస్తే ఈ రెండో కాపీ చదువుతుంది. పేజ్‌మేకర్‌ను తీసేసి డి డ్రైవ్‌లో సొంత ఫోల్డర్ పెట్టి అందులో ఎక్కించండి. గొడవ పోతుంది.

స్కానర్‌ది డ్రైవర్ సమస్య. 32 బిట్ డ్రైవరు 64 బిట్ విండోస్ కెర్నల్‌లోకి, అంటే దాని లోపలి మూల భాగంలోకి, ఎక్కదు, దానికి ఏ పొరా లేదు.

గోగునార లెక్కలు (బొబ్బిలి):
వర్చువల్‌స్టోర్ అనగానే ఇది రాయాలనిపించింది. గోగునార కొనుగోళ్లకు వీబీ6 (విజువల్ బేసిక్)లో రాయించిన ప్రోగ్రాము మాది. డేటా అంతా ఎండీబీ అనే డేటాబేస్ ఫైల్లో, అదీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే ఉండేది. కొత్త సిస్టమ్‌లో గుమస్తాకు ఒక లాగిన్, మా నాన్నగారికి ఒక లాగిన్ పెట్టారు. గుమస్తా తెరిస్తే ఒక నిల్వ, నాన్నగారు తెరిస్తే ఇంకో నిల్వ. బేళ్లు తక్కువ చూపిస్తున్నాయని గోడౌన్ రెండుసార్లు లెక్కపెట్టించారు. పాపం, చాలాకాలంగా నమ్మకంగా ఉన్న మనిషి మీద అనుమానపు చూపు పడింది. తీరా చూస్తే మాస్టారు చెప్పినట్టే ఎవరి వర్చువల్‌స్టోర్‌లో వాళ్ల కాపీ ఉంది. ఇద్దరూ ఎంట్రీలు వేస్తూనే ఉన్నారు, అవి వేర్వేరు ఫైళ్లలో పడుతున్నాయి. రెంటినీ కలపడానికి ఒక అకౌంటెంటును కూర్చోబెట్టాల్సి వచ్చింది.

పాత ప్రోగ్రాము నడుస్తోంది కదా అని ఊరుకోకండి. ఎక్కడ రాస్తోందో చూసుకోండి.

పలాస జీడి (పలాస):
మా జీడిపప్పు యూనిట్ లెక్కలు ఇప్పటికీ డాస్ మీద నడిచే ఫాక్స్‌ప్రో 2.6 డేటాబేస్‌లోనే. పిక్కల కొనుగోలు, బాయిలింగ్, కటింగ్, పీలింగ్, గ్రేడింగ్, పీలింగ్ ఆడవాళ్లకు కిలోకింత అని కూలి, అన్నీ అందులోనే. డబ్ల్యూ240 నుంచి ముక్క దాకా గ్రేడు వారీగా లెక్క ఒక్క స్క్రీన్ మీద వస్తుంది. మౌస్ ముట్టుకోకుండా ఒక బస్తా ఎంట్రీ ఎంటర్ కొట్టుకుంటూ పూర్తి చేస్తాడు మా కుర్రాడు. కొత్త సాఫ్ట్‌వేర్లు చూశాం, ఇంత వేగం రాలేదు.

విండోస్ 11లో డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ ఎక్స్ పెట్టి నడుపుతున్నాం. మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది. ప్రింటింగు, ఇద్దరు ఒకే ఫైలు తెరిచినప్పుడు లాక్ పడటం లాంటి ఆఫీసు అవసరాలు దానికి ముఖ్యం కాదు. డాస్‌బాక్స్ ఎక్స్‌లో అవి ఉన్నాయి. వీడాస్ అని ఇంకొకటి ఉంది, అది ఇలాంటి వ్యాపార ప్రోగ్రాముల కోసమే చేశారు. అచ్చుపని గారూ, మీ బిల్లింగ్‌కు రెండూ ప్రయత్నించండి.

ఫాక్స్‌ప్రో లాంటిదే అయిన క్లిప్పర్‌లో రాసినదైతే ఒకటి గుర్తుంచుకోండి. ఎన్ని ఫైళ్లు ఒకేసారి తెరవచ్చు అనే హద్దు డాస్ సెట్టింగులో ఉంటుంది. 'ఫైల్స్' విలువ పెంచకపోతే రిపోర్టు మధ్యలో ఆగుతుంది. టర్బో పాస్కల్‌లో రాసినవి కొన్ని తెరవగానే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' ఇస్తాయి. ప్రాసెసర్ వేగం కొలిచే చోట భాగహారం జవాబు దానికి కేటాయించిన చోటులో పట్టనంత పెద్దదై ఆగిపోతుంది. డాస్‌బాక్స్‌లో సైకిల్స్ (వేగం సెట్టింగు) తగ్గించండి, లేదా ఆ ఫైలుకు ప్యాచ్ దొరుకుతుంది.

రాజాం ఇంజినీరింగ్ (రాజాం):
సీఎస్‌ఈ చదువుతున్నాను. తప్పుగా అనుకోవద్దు, నిజంగానే అడుగుతున్నాను. ఇంత పాతవాటిని ఆపరేటింగ్ సిస్టమ్ ఎందుకు మోయాలి? యాపిల్ చూడండి. 2006లో ఇంటెల్‌కు మారినప్పుడు పాత ప్రోగ్రాముల కోసం రొసెట్టా ఇచ్చింది, 2011లో లయన్ అనే వెర్షన్‌తో తీసేసింది. 2019లో కాటలీనా వెర్షన్‌తో 32 బిట్‌కే సెలవు చెప్పింది. వాళ్ల సిస్టమ్ తేలిగ్గా ఉంది, డెవలపర్లు కూడా అప్‌డేట్ అవుతున్నారు. ప్రతి పాత పొరా భద్రతకు ఒక కొత్త కన్నమే అని మాకు చెబుతారు.

సర్వీసు మాస్టారు (శ్రీకాకుళం):
మంచి ప్రశ్న తమ్ముడూ. ఆ పొరలు తీసేస్తే వాటి ఖర్చు మాయమైపోదు. కంపెనీ లెక్కలోంచి పలాస జీడి వ్యాపారి లెక్కలోకి వెళుతుంది. డెవలపర్లు అప్‌డేట్ అవుతారన్నావు. ఆ ప్రోగ్రాము రాసినాయన వేరే ఊళ్లో ఉంటాడు, లేదా అసలు లేడు. సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. అప్‌డేట్ చేసేదెవరు?

ఒకప్పుడు దీన్ని ఎంత పట్టించుకున్నారో చూడు. విండోస్ 95 తయారవుతున్నప్పుడు సిమ్ సిటీ ఆటలో ఒక తప్పు బయటపడింది. విడిచేసిన మెమరీని అది వెంటనే మళ్లీ చదివేది. విండోస్ 3 రోజుల్లో ఆ మెమరీని ఇంకెవరూ తాకేవారు కాదు కాబట్టి ఆట నడిచిపోయింది. 95లో కూలిపోయింది. తప్పు ఆటదే. అయినా మైక్రోసాఫ్ట్ వాళ్లు, నడుస్తున్నది సిమ్ సిటీ అయితే విడిచిన మెమరీని వెంటనే తిరిగి ఇవ్వని పద్ధతిని ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే పెట్టారు. కొన్నవాడి కంప్యూటర్‌లో ఆట ఆగితే వాడు తిట్టేది కొత్త విండోస్‌నే అని వాళ్లకు తెలుసు. ఇప్పటికీ విండోస్‌లో ఇలాంటి సర్దుబాట్లను షిమ్‌లు అంటారు, ఏ ప్రోగ్రాముకు ఏది వర్తించాలో ఒక డేటాబేసే ఉంది.

లైనక్స్ కెర్నల్‌లో కూడా యూజర్ ప్రోగ్రాములను విరగ్గొట్టకూడదన్నది, దాన్ని మొదలుపెట్టిన టోర్వాల్డ్స్ గట్టిగా పట్టుకున్న నియమం. 1964లో ఐబీఎం సిస్టమ్/360 కోసం రాసిన ప్రోగ్రాములు ఈనాటి మెయిన్‌ఫ్రేముల మీద నడుస్తాయి. బ్యాంకులు వాళ్లను వదలకపోవడానికి అదొక కారణం.

ఒక విచిత్రం చెబుతాను. విండోస్ 3.1 నాటి 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడవవు, కానీ 64 బిట్ లైనక్స్‌లో, విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ పెట్టుకుంటే చాలావరకు నడుస్తాయి. ఎందుకంటే 64 బిట్ మోడ్‌లో పోయింది డాస్ ప్రోగ్రాములకు కావలసిన వర్చువల్ 8086 మోడ్. 16 బిట్ ప్రొటెక్టెడ్ కోడ్‌ను చిప్ ఇప్పటికీ నడపగలదు. వద్దనుకున్నది మైక్రోసాఫ్ట్. 64 బిట్ విండోస్‌లో హ్యాండిళ్లకు, అంటే విండోలు, ఫైళ్ల లాంటివాటికి సిస్టమ్ ఇచ్చే గుర్తింపు నంబర్లకు, 32 బిట్లు కావాలి, వాటిని 16 బిట్ల ప్రోగ్రాముకు కుదించి ఇవ్వలేం అన్నది వాళ్లు చెప్పిన కారణం. వైన్ వాళ్లు ఆ పని చేసి చూపించారు.

రాజాం ఇంజినీరింగ్ (రాజాం):
ఇది మా సిలబస్‌లో ఎక్కడా లేదు మాస్టారూ. వైన్ సంగతి ఈ రాత్రే ప్రయత్నిస్తాను. 2019లో ఉబుంటు లైనక్స్ వాళ్లు 32 బిట్ ప్యాకేజీలు ఆపేస్తామని చెప్పి, ఆటలు అమ్మే స్టీమ్ వైపు నుంచీ వైన్ వైపు నుంచీ వ్యతిరేకత రాగానే వెనక్కి తగ్గారని ఇప్పుడే చదివాను. అంటే వాడేవాళ్లు గట్టిగా అడిగితే వింటారన్నమాట.

ల్యాబ్ రిపోర్టు (టెక్కలి):
మీరంతా వ్యాపారం లెక్కలు చెబుతున్నారు. మాది రక్త పరీక్షల ల్యాబ్. అనలైజర్ బాగానే ఉంది, దాని సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్స్‌పీ దాటి రాదు. మిషనుకూ కంప్యూటరుకూ మధ్య సీరియల్ కేబుల్, లోపల ఒక పీసీఐ కార్డు. కొత్త కంప్యూటర్లలో ఆ స్లాటే ఉండటం లేదు. మిషను అమ్మినవాళ్లను అడిగితే కొత్త మిషను కొటేషన్ పంపారు. టెక్కలిలో ఒక ల్యాబ్ అంత డబ్బు పెట్టాలంటే పరీక్షల రేట్లు పెంచాలి. చుట్టుపక్కల పల్లెల నుంచి కిడ్నీ పరీక్షల కోసమే ఎంతమంది వస్తారో ఈ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. ఉద్దానం మనుషుల దగ్గర ఇంకో వంద తీసుకోవడానికి నాకు మనసు రావడం లేదు.

నెట్‌వర్క్ పని (శ్రీకాకుళం):
అమ్మా, ఆ ఎక్స్‌పీ మిషను నెట్‌కు కలిసి ఉందా? ఉంటే ఈరోజే తీసేయండి. ఎక్స్‌పీకి మామూలు అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి. విండోస్ 7కు 2020 జనవరి 14తో, 10కి 2025 అక్టోబర్ 14తో. పదికి ఈఎస్‌యూ (అదనపు భద్రతా అప్‌డేట్లు) పేరుతో వాడకందార్లకు 2026 అక్టోబర్ దాకా కొంత పొడిగింపు ఉంది, అంతే.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై వైరస్ గుర్తుందా? దాన్ని ఆపే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయని పత్రికల్లో వచ్చింది. అది ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది ఎస్‌ఎంబీ వెర్షన్ 1 అనే పాత షేరింగ్ పద్ధతిలోంచి. ఎక్స్‌పీకి ఫైళ్లు పంచుకోవడానికి తెలిసిన పద్ధతి అదొక్కటే. అందుకే కొత్త విండోస్‌లో దాన్ని మూసి ఉంచుతున్నారు. ఎక్స్‌పీ కనపడటం లేదని చాలా చోట్ల దాన్ని మళ్లీ తెరుస్తున్నారు, అలా చేయకండి.

మీ విషయంలో పీసీఐ కార్డు ఉంది కాబట్టి వర్చువల్ మిషన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌లో, పెట్టడం కష్టం. ఆ కంప్యూటర్‌ను ఒంటరిగా ఉంచండి. రిపోర్టులు బయటకు తేవడానికి ఒక పెన్‌డ్రైవ్ దానికోసమే పెట్టుకుని ప్రతిసారీ స్కాన్ చేయండి. అదే రకం పాత మదర్‌బోర్డు, పవర్ సప్లై సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఇప్పుడే కొని పెట్టుకోండి. హార్డ్‌డిస్క్‌కు పూర్తి ఇమేజ్ (అచ్చు నకలు) తీసి రెండు చోట్ల దాచండి. మిషను ఆగేది సాధారణంగా సాఫ్ట్‌వేర్ వల్ల కాదు, అరిగిపోయిన డిస్క్ వల్ల.

గిడుగు బాట (శ్రీకాకుళం):
అచ్చుపని గారు వద్దన్న సలహాయే ఇస్తున్నందుకు క్షమించాలి, కానీ ఇది చెప్పకపోతే మీకు మేలు చేసినట్టు కాదు. మీ దగ్గరున్న గుళ్ల దాతల జాబితాల్లో నిజానికి తెలుగు అక్షరాలు లేవు. అను ఫైల్లో ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్లు. వాటి మీద తెలుగు ముక్కల బొమ్మలు పరిచే పని ఫాంటుది. తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు, కంటికి కనిపించే వరుసలో ముక్కలు ముక్కలుగా ఉంటాయి. ఫాంటు లేని రోజున అందులో ఒక్క పేరు కూడా చదవలేం, వెతకలేం.

పలాస జీడి వారి ఫాక్స్‌ప్రో డేటా ఫైళ్ల రకం డీబీఎఫ్ ఇంకా పాతది, అయినా అది భద్రం. దాని నిర్మాణం అందరికీ తెలుసు, లిబ్రేఆఫీస్ నేరుగా తెరుస్తుంది. కంప్యూటర్‌లో భారతీయ భాషల కోసం సీ-డాక్ సంస్థ చేసిన జిస్ట్ కార్డు రోజుల్లో ఇస్కీ అనే కోడ్‌లో టైపు చేసిన తెలుగు కూడా భద్రమే. ఇస్కీ 1991లో భారతీయ ప్రమాణం, పలికే వరుసలోనే అక్షరాలు ఉంటాయి. ఇప్పుడు అన్నిచోట్లా వాడే ప్రమాణమైన యూనికోడ్‌లో మన లిపులకు కేటాయించిన అమరిక ఇస్కీ నుంచి వచ్చిందే. అది తేలిగ్గా మారుతుంది. అను తేలిగ్గా మారదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. 2001లో వచ్చిన 7వ వెర్షనే దాని చివరిది. అందుకే యూనికోడ్‌కు మారండి అంటున్నాను.

అచ్చుపని (విజయనగరం):
మాస్టారు చెప్పినట్టు డి డ్రైవ్‌లో వేశాను, సెట్టింగులు నిలబడ్డాయి. బిల్లింగ్ డాస్‌బాక్స్ ఎక్స్‌లో తెరుచుకుంది. అందరికీ ధన్యవాదాలు.

గిడుగు బాట గారూ, మీ మాట నాకు అర్థమైంది, కానీ రోజువారీ పని చూడండి. మా దగ్గర పనిచేసే అమ్మాయి వేళ్లకు అను కీబోర్డు అలవాటు. శుభలేఖ పైన పెట్టే అలంకారపు అక్షరాలు, బరువైన హెడ్డింగు రకాలు యూనికోడ్‌లో అన్ని లేవు. కన్వర్టర్లు వాడి చూశాం. ఒక దాతల పేజీ మారిస్తే సంయుక్తాక్షరాల దగ్గరే తేడా వస్తోంది. స్త్రీ, రాష్ట్రం, కృష్ణ లాంటివి ముక్కలై వచ్చాయి. వెయ్యి నూట పదహార్లు ఇచ్చినాయన పేరులో ఒక ఒత్తు పోతే ఆయన గుడిలో అందరి ముందూ అడుగుతాడు. అప్పుడు మాట పడేది మేమే.

సర్వీసు మాస్టారు (శ్రీకాకుళం):
మీ ఇద్దరి మాటా కలిసే చోటు ఉంది. ఈ పద్ధతి చూడండి.

కొత్త కంప్యూటర్‌లో వర్చువల్ మిషన్ నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టండి, ఉచితం. విండోస్‌తో వచ్చే హైపర్-వీ హోమ్ ఎడిషన్‌లో ఉండదు. వర్చువల్‌బాక్స్‌లో మీ పాత విండోస్ 7, 32 బిట్‌ను లైసెన్సు ఉన్నదే ఎక్కించి, పేజ్‌మేకర్, అను, బిల్లింగ్, స్కానర్ డ్రైవర్ అన్నీ దాంట్లోకి తెండి. 32 బిట్ కాబట్టి ఎన్‌టీవీడీఎం కూడా ఉంటుంది. స్కానర్ యూఎస్‌బీదైతే దాన్ని వర్చువల్ మిషన్‌కు అప్పగించవచ్చు, పాత డ్రైవరే పనిచేస్తుంది. నెట్‌వర్క్ కార్డు మాత్రం తీసేయండి. ఫైళ్లు షేర్డ్ ఫోల్డర్ ద్వారా వస్తాయి పోతాయి. హార్డ్‌వేర్ లాక్ (కంప్యూటర్‌కు గుచ్చే తాళం)తో నడిచే సాఫ్ట్‌వేర్ ఉంటే దానికీ ఇదే మేలు. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఆన్‌లో ఉంటే పాత లాక్ డ్రైవర్లను కొన్నిటిని ఎక్కనివ్వదు, పోనీ అని దాన్ని ఆపేస్తే మొత్తం కంప్యూటర్‌కే రక్షణ తగ్గుతుంది.

ఇది పాత పనికి. కొత్తగా వచ్చే పనిలో ఏటా మళ్లీ అచ్చయ్యేవి మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి. పేజ్‌మేకర్ స్థానంలో అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ దాకా పేజ్‌మేకర్ ఫైళ్లు తెరిచే వీలుంది, తర్వాతి వెర్షన్లలో లేదు. సీఎస్6 లైసెన్సు ఉన్నవాళ్లు పేజీ అమరికను దాంతో దక్కించుకోవచ్చు, అక్షరాలు మాత్రం అను కోడ్లలోనే ఉంటాయి.

డాట్ మ్యాట్రిక్స్ మాట ఎవరూ అడగలేదు కానీ అడుగుతారు. డాస్ ప్రోగ్రాము ఎల్‌పీటీ1 అనే పాత ప్రింటరు పోర్టుకే పంపుతుంది, కొత్త ప్రింటరు యూఎస్‌బీలో ఉంటుంది. వర్చువల్ మిషన్‌లో అయితే ప్రింటర్‌ను అక్కడే షేర్ చేసి, 'నెట్ యూజ్' కమాండుతో ఎల్‌పీటీ1ను ఆ షేర్ పేరుకు కలపండి. ఈ షేరింగ్‌కు లోపలి నెట్‌వర్కు కావాలి కాబట్టి కార్డును 'హోస్ట్ ఓన్లీ'లో ఉంచండి, బయటి నెట్‌కు దారి ఇవ్వకండి.

కొత్త ల్యాప్‌టాప్ (నరసన్నపేట):
మధ్యలో ఒక చిన్న ప్రశ్న. స్నాప్‌డ్రాగన్ చిప్ ల్యాప్‌టాప్ బ్యాటరీ బాగా వస్తుందని కొందామనుకుంటున్నాం. రైస్ మిల్లు పాత అకౌంట్స్ దాంట్లో నడుస్తాయా?

సర్వీసు మాస్టారు (శ్రీకాకుళం):
మిల్లు లెక్కల కోసమైతే వద్దండి. అది ఆర్మ్ చిప్. మామూలు 32, 64 బిట్ ప్రోగ్రాములను ఎమ్యులేషన్‌తో, అంటే ఇంటెల్ చిప్‌ను అనుకరించి, నడుపుతుంది. డ్రైవర్లకు ఎమ్యులేషన్ లేదు, పాత ప్రింటర్, లాక్ రెండూ ఆగిపోతాయి. పైన చెప్పిన పాత విండోస్ వర్చువల్ మిషన్ పద్ధతి కూడా దాని మీద కుదరదు. ఇంటెల్ గానీ ఏఎండీ గానీ తీసుకోండి.

గిడుగు బాట (శ్రీకాకుళం):
అచ్చుపని గారూ, అలంకారపు అక్షరాలు తక్కువన్నది నిజమే, కానీ ఉన్నవి కూడా తక్కువేమీ కాదు. గురజాడ పేరుతో, గిడుగు పేరుతో కూడా ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి, మండలి, రామభద్ర లాంటివి హెడ్డింగులకూ వాడొచ్చు. మీ అమ్మాయికి పాత కీబోర్డు అమరికే యూనికోడ్‌లో వచ్చేలా పెట్టే పనిముట్లు దొరుకుతాయి, వేళ్ల అలవాటు మార్చక్కర్లేదు.

ఒత్తుల భయం సంగతికి వస్తే, దాతల జాబితాల్లో ఒకటి మీకు వీలున్నప్పుడు ఇక్కడ జతచేయండి. మార్చి, పేరు పేరునా సరిచూసి నేనే ఇస్తాను. పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటీ చాలదు, అదే పేజీ పీడీఎఫ్ కూడా పెట్టండి. అచ్చులో ఆ పేరు ఎలా పడిందో పక్కన కనపడకపోతే ఏ ఒత్తు ఎక్కడ పోయిందో చెప్పలేను.

అచ్చుపని (విజయనగరం):
సాయంత్రం కరెంటు వచ్చాక రెండూ పెడతాను. ముందు చిన్నది, ఒక పేజీదే పంపుతాను. అందులో ఇంటిపేర్లు కొన్ని మా వైపువి, మీకు కొత్తగా ఉండొచ్చు. అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టండి, నేను గుడి రసీదు పుస్తకం చూసి చెబుతాను.